క్షయక్రిమి ఎవరి అన్నము తినుచున్నది?

గ్రామములో ఒకరికి క్షయవ్యాధి యని తేలినప్పుడు ఆ యింట రెండు మాటలు తరచుగా వినబడుచుండును. "బలమైన తిండి పెట్టినచో ఆ బలము రోగమునకే పోవును, కొన్నాళ్లు పథ్యముంచినచో రోగమే మాడి చచ్చును" అనునది మొదటిది. "దగ్గు తగ్గినది, జ్వరము విడిచినది, ఇంక మాత్రలెందులకు?" అనునది రెండవది. రెండును మంచి మనస్సుతో పలికిన మాటలే. కాని రెండును ప్రాణము మీదికి తెచ్చునవి.

ఈ రెండు మాటలకును సమాధానము ఒక్కచోటనే కలదు. క్షయక్రిమి మన శరీరములో ఎక్కడ కాపురముండునో, అక్కడ ఏమి తిని బ్రదుకునో తెలిసికొన్నచో ఆ సమాధానము మనకు చిక్కును. విషయము కొంత సూక్ష్మమైనదే. అయినను పంటకు పట్టు పురుగు ఆకు తినునో, వేరు తినునో విచారించి మందు నిర్ణయించు రైతులకు ఇది కొరుకుడు పడని విద్య కాదు.

కావలివాని యింటిలో దొంగ

క్షయకు కారణమైన క్రిమిని కనుగొంటినని జర్మను వైద్యుడు రాబర్టు కాక్ 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరములో ప్రకటించెను. ఆ తేదీనే నేడు ప్రపంచ క్షయ దినముగా పాటించుచున్నాము. ఈ క్రిమి బాక్టీరియా జాతికి చెందినది. దీని పొడవు మిల్లీమీటరులో వెయ్యవవంతునకు రెండు మూడింతలు మాత్రమే. రోగి దగ్గినప్పుడు వెలువడు సన్నని తుంపరలతో ఇది గాలిలో తేలి, మరియొకరి ఊపిరితో లోపలికి పోయి, ఊపిరితిత్తుల చివరనున్న చిన్న గాలిగదులను చేరును.

ఆ గాలిగదులలో మన శరీరము కొన్ని కణములను కాపలా యుంచినది. వీనిని భక్షక కణములందురు. ధూళి గాని, క్రిములు గాని లోపలికి వచ్చినచో వానిని మ్రింగివేయుట వీని పని. మ్రింగిన క్రిమి కణములోపల ఒక చిన్న సంచిలో చిక్కుకొనును. పిమ్మట ఆమ్లముతోను, జీర్ణరసములతోను నిండిన మరియొక సంచి వచ్చి దానితో కలియును. సామాన్యమైన క్రిములు అక్కడితో జీర్ణమైపోవును.

క్షయక్రిమి యట్లు కాదు. ఆ రెండు సంచులు ఒకదానితో నొకటి కలియకుండ ఇది అడ్డుపడును. బ్రిటనులో ఆర్మ్‌స్ట్రాంగు, డార్సీ హార్టు అను శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరిశీలించి 1971వ సంవత్సరములో ఈ సంగతిని లోకమునకు తెలిపిరి. ఊరి కావలివాడు దొంగను పట్టి తన యింటనే బంధించగా, ఆ దొంగ గొళ్లెము విరిచి ఆ యింటనే కాపురము పెట్టినట్లయినది.

ఆ యింటిలో దొరకు తిండి

ఏ జీవికైనను బ్రదుకుటకు ముఖ్యముగా మూడు కావలయును. ఒకటి, శక్తినిచ్చు ఇంధనము. రెండవది, దేహము కట్టుకొనుటకు నత్రజని గల పదార్థములు. మూడవది, ఇనుము వంటి లోహములు. కావలికణము లోపల ఇరుకైన సంచిలో నున్న క్రిమికి ఇవి యెక్కడివి?

ప్రయోగశాలలో గాజుపాత్రలలో పెంచినప్పుడు ఈ క్రిమి చక్కెర వంటి పదార్థములను వాడుకొనుచుండుట శాస్త్రజ్ఞులు చూచియుండిరి. కాని 1956వ సంవత్సరములో సెగల్, బ్లాక్ అను శాస్త్రజ్ఞులు, రోగము సోకిన ఎలుకల ఊపిరితిత్తులనుండి క్రిములను తీసి పరీక్షించినప్పుడు వేరొక సంగతి బయటపడినది. ఆ క్రిములు చక్కెరను అంతగా లక్ష్యపెట్టలేదు. క్రొవ్వునుండి వచ్చు ఆమ్లములను మాత్రము ఆత్రముతో అందుకొన్నవి. అనగా గాజుపాత్రలో క్రిమి తినునది వేరు. మన దేహములో తినునది వేరు.

క్రొవ్వు తిని బ్రదుకుటకు ప్రత్యేకమైన పనిముట్లు కావలయును. క్రొవ్వు నుండి చక్కెరలను, ఇతర పదార్థములను తయారుచేసుకొనుటకు ఈ క్రిమి యొద్ద ఒక ఎంజైము కలదు. ఆ ఎంజైము లేకుండ చేసిన క్రిములు ఎలుకల ఊపిరితిత్తులలో బహుకాలము నిలువజాలకపోయినవని 2000వ సంవత్సరములో వెల్లడియైనది. మన కణముల పొరలలో కొలెస్టరాలు అను క్రొవ్వువంటి పదార్థము కలదు. దానిని సయితము లోనికి లాగుకొనుటకు క్రిమికి ఒక ద్వారము కలదని 2008వ సంవత్సరములో తెలిసినది.

ఇంతటితో ఆగలేదు. క్రిమి చేరిన కావలికణములలో కొన్ని క్రొవ్వుబొట్లతో నిండి, సూక్ష్మదర్శినిలో నురుగు ముద్దలవలె కనబడును. క్రిమి ఆ క్రొవ్వును తినుటయేగాక, కొంత తన దేహములోనే చిన్న బొట్లుగా దాచుకొనును. మన రైతు పాతరలో గింజలు దాచుకొనునట్లే, కరవుకాలమునకు ఇది తన పాతర తాను నింపుకొనును. ఈ సంగతి ముందు ముందు మనకు అవసరమగును గాన గుర్తుంచుకొనవలెను.

ఇనుము కొరకు పెనుగులాట

ఇనుము లేనిదే ఏ క్రిమియు పెరుగజాలదు. ఈ సంగతి మన దేహమునకును తెలిసినట్లే యున్నది. రక్తములోని ఇనుమును కొన్ని మాంసకృత్తులు గట్టిగా పట్టుకొని యుండును. క్రిములు ప్రవేశించి జ్వరము వచ్చినప్పుడు దేహము ఇనుమును మరింత లోపలికి దాచివేయును. దొంగల భయము గల ఊరిలో సొమ్ము భోషాణములో పెట్టి తాళము వేసినట్లన్నమాట.

క్షయక్రిమి ఆ తాళమునకు మారుతాళము తయారుచేసుకొన్నది. మైకోబాక్టిన్ అను పదార్థమును తానే తయారుచేసి, దాని సహాయమున ఇనుమును మన మాంసకృత్తులనుండి లాగుకొనును. ఈ కారణముచేత క్షయరోగికి రక్తహీనత యున్నప్పుడు ఇనుము మాత్రలు ఇయ్యవలెనా, ఎప్పుడు, ఎంత అను నిర్ణయము వైద్యునిదే కావలెను. ఎవరికి వారు కొని మ్రింగుట తగదు.

నత్రజని విషయములోను ఇట్టి పోరే జరుగును. ట్రిప్టోఫాను అనునది మాంసకృత్తులకు మూలమైన ముడిపదార్థములలో నొకటి. దేహరక్షక కణములు దానిని నాశముచేసి క్రిములను పస్తుపెట్టజూచును. క్లమీడియా అను వేరొక కణాంతర క్రిమి ఈ పస్తుకు లొంగిపోవును. క్షయక్రిమి యన్ననో, తనకు కావలసిన ట్రిప్టోఫానును తానే చేసికొని బయటపడును. కొన్ని క్రిములు వండిన అన్నము దొరకిననేగాని బ్రదుకలేనివి. ఇది గింజలు దొరకిన చాలును, తానే వండుకొనగలది. కుష్ఠువ్యాధి క్రిమి దీని దాయాదియే. అయినను 1873వ సంవత్సరములో హాన్సెను దానిని కనుగొన్ననాటినుండి నేటివరకు ఆ క్రిమిని గాజుపాత్రలోని ఆహారముపై ఎవ్వరును పెంచజాలకపోయిరి.

పస్తులున్నచో మాడునదెవరు?

ఇప్పుడు మొదటి మాటకు రండు. రోగి తిండి మానినచో క్రిమి మాడునా?

మాడదు. దానికి మూడు కారణములు గలవు. మొదటిది: క్రిమి తినునది రోగి కంచములోని అన్నము కాదు, అది మన కణములలో నున్న క్రొవ్వు. మనము నెయ్యి, గ్రుడ్డు మానినను ప్రతి కణములోను కొలెస్టరాలు ఉండనే యుండును; దానిని దేహము తానే తయారుచేయును. రెండవది: కడుపు మాడినప్పుడు దేహము తాను దాచుకొన్న క్రొవ్వును కరగించి రక్తములోనికి విడుచును. క్రొవ్వు తిని బ్రదుకు క్రిమికి దానివలన కరవేమియు రాదు. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కావలికణమునకు తోడ్పడి, "ఇంకను బలముగా పోరాడుము" అని హెచ్చరించు తెల్లకణములు రక్తములో కలవు. తిండి చాలనప్పుడు మొదట నీరసించునవి ఆ తెల్లకణములే. పందికొక్కును చంపవలెనని గాదె ఖాళీచేసిన, ముందు పస్తులుండునది ఇంటివారు. ఆ పిమ్మట ఇంటి కుక్క. పందికొక్కు మాత్రము గోడ క్రింద దాచుకొన్న గింజలు తినుచు క్షేమముగా నుండును.

మరి రోగి యేల చిక్కిపోవును? "క్షయ" యనగా క్షీణించుట యనియే గదా అర్థము. క్రిములు తినివేయుటచేత కాదు; అవి తిను పరిమాణము అత్యల్పము. ఎడతెగని జ్వరమును, రక్షక కణములు విడుచు పదార్థములును కండను కరగించి, ఆకలిని చంపివేయును. కావున రోగికి ఆకలి లేకపోవుట రోగలక్షణమే కాని, తిండి అక్కరలేదను సూచన కాదు. కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టవలెను. అన్నము, జొన్నరొట్టె, రాగిసంకటి, పప్పు, వేరుసెనగలు, పాలు, పెరుగు, ఆకుకూరలు, గ్రుడ్డు, చేపలు వారివారి అలవాటునుబట్టి పెట్టవచ్చును. గ్రుడ్డు వేడిచేయునని మాన్పనవసరము లేదు. చక్కెరవ్యాధి మొదలైనవి కూడ ఉన్నవారు మాత్రము వైద్యుని సలహా ననుసరింపవలెను.

ఆరునెలల మాత్రలెందులకు?

రెండవ మాటకు సమాధానము ఆ క్రొవ్వుపాతరలోనే కలదు. సామాన్యమైన ప్రేగుల బాక్టీరియా అనుకూలమైన చోట ఇరువది నిమిషములకొకసారి రెండింతలగును. క్షయక్రిమి రెండింతలగుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. పైగా పరిస్థితి ప్రతికూలించినప్పుడు, తాను దాచుకొన్న క్రొవ్వుపై ఆధారపడి, పెరుగుట మానివేసి, నిద్రాణముగా పడియుండును. పెరుగుచున్న క్రిమిని మందులు త్వరగా చంపును. నిద్రించుచున్న దానిని చంపుటకు ఎక్కువ కాలము పట్టును.

అందుచేత మామూలు క్షయకు మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అను నాలుగు మందులును, పిమ్మట నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప మిగిలిన మూడు మందులును ఇచ్చుచున్నారు. వీనిలో పైరజినమైడ్ పుల్లని ఆమ్లస్థితిలో చక్కగా పనిచేయునది. కణముల లోపలను, వ్రణములలోను నక్కియున్న క్రిములపై దీని దెబ్బ గట్టిగా తగులును. ఈ మందు చేరిన పిమ్మటనే చికిత్సాకాలము ఆరు నెలలకు తగ్గినది.

రెండు నెలలకే దగ్గు తగ్గుట నిజమే. పెరుగుచున్న క్రిములు చచ్చినవి గాన తగ్గినది. నిద్రించుచున్నవి మిగిలియున్నవి. ఆ సమయమున మాత్రలు మానినచో అవి మేల్కొని తిరుగబడును. అప్పటికి కొన్ని మందులకు లొంగని స్వభావము సంపాదించి యుండవచ్చును. అట్టి క్రిమి రోగితో ఆగదు. ఇంటివారికిని, పొరుగువారికిని అదే సోకును.

ఇంకొక చిన్న సంగతి. రిఫాంపిసిన్ వాడునప్పుడు మూత్రము ఎఱ్ఱగా వచ్చును. అది రక్తము కాదు, మందు రంగు. దానికి భయపడి మాత్రలు మానరాదు. కన్నులు పచ్చబడినను, వాంతులు అధికమైనను, చూపు మందగించినను మాత్రము ఆలసింపక వైద్యునికి చూపవలెను.

మందు ముఖ్యమా? తిండి ముఖ్యమా?

ఈ ప్రశ్నకు మన దేశమే లోకమునకు సమాధానము చెప్పినది. మందులు లేని కాలములో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే చికిత్స. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో 1915వ సంవత్సరమున తెరచిన క్షయచికిత్సాలయము అట్టి ఆశతో స్థాపింపబడినదే. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడుటతోను, 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోనికి వచ్చుటతోను కాలము మారినది.

1956వ సంవత్సరములో మదరాసు నగరములో క్షయచికిత్సా పరిశోధనకేంద్రము ఏర్పడినది. అక్కడ పేద రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును మంచి భోజనము గల చికిత్సాలయములో నుంచి, రెండవ జట్టును వారి ఇరుకుటిండ్లలోనే యుంచి, ఇరువురికిని ఒకే మందులు ఒక సంవత్సరము ఇచ్చిరి. ఇంటనున్నవారి భోజనము చాల తక్కువది. అయినను 1959లో ప్రకటించిన ఫలితములలో రెండు జట్లకును భేదము స్వల్పమే. నియమముగా మందు వాడినచో ఇంటనే క్షయ నయమగునని దీనివలన ప్రపంచమంతయు తెలిసికొన్నది. మందునకు బదులు తిండి పనికిరాదనుట ఈ పాఠములో మొదటి సగము.

రెండవ సగము అరువది యేండ్ల పిమ్మట వచ్చినది. ఆ మదరాసు కేంద్రమే నేడు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధనా సంస్థగా వర్ధిల్లుచున్నది. మందులు సర్వత్ర అందుచున్న కాలములో కూడ రోగులు చనిపోవుటకును, ఇంటివారికి వ్యాధి వచ్చుటకును తిండిలేమి ఎంతవరకు కారణమో తేల్చదలచి, ఈ సంస్థవారు 2019 నుండి 2022 వరకు ఝార్ఖండు రాష్ట్రములోని నాలుగు జిల్లాలలో 2,800 మంది రోగులతోను, వారి యిండ్లలోని పదివేలకు పైబడిన జనముతోను ఒక పరిశోధన జరిపిరి. రోగులందరికిని మందులతోపాటు ఆహారపదార్థములిచ్చిరి. సగము ప్రాంతములలో ఇంటివారికి కూడ నెలకు పెద్దవారికి తలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, విటమినుల మాత్రలు ఇచ్చిరి.

2023వ సంవత్సరములో ఫలితములు వెలువడినవి. ఆహారమందిన కుటుంబములలో క్రొత్తగా క్షయ వచ్చుట 39 శాతము తగ్గినది. ఇతరులకు అంటు స్వభావము గల ఊపిరితిత్తుల క్షయ 48 శాతము తగ్గినది. చికిత్స మొదలైన రెండు నెలలలో తమ బరువులో నూటికి ఐదువంతులు పెరిగిన రోగులలో మరణభయము 61 శాతము తక్కువగా కనబడినది. బియ్యము, పప్పు క్రిమిని చంపలేదు. అవి కావలికణములకును, తెల్లకణములకును బలమిచ్చినవి. మందు దొంగను కొట్టును. తిండి కావలివానిని నిలబెట్టును.

పంచాయతీ చేయదగిన పనులు

ప్రపంచమున ఏటా క్షయకు గురియగువారిలో సుమారు నాల్గవవంతు మన దేశమువారే. క్రిమి సోకినవారందరికిని వ్యాధి రాదు. నూటికి ఐదునుండి పదిమందికే జీవితకాలములో ఎప్పుడో బయటపడును. మిగిలినవారిలో కావలికణములు దానిని అణచియుంచును. ఆ కాపలాను సడలించు కారణములలో తిండిలేమి ముఖ్యమైనది. చక్కెరవ్యాధి, పొగాకు, మద్యము, హెచ్.ఐ.వి. కూడ అట్టివే. ఇవి వైద్యుడొక్కడు తీర్చగలవి కావు. ఇచ్చటనే పంచాయతీ పని మొదలగుచున్నది.

మొదటి పని, రెండు వారములకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట గలవారిని ఆశా కార్యకర్త సహాయమున గళ్ల పరీక్షకు పంపుట. క్షయరహిత పంచాయతీల ప్రయత్నము 2023వ సంవత్సరము మార్చి 24వ తేదీన మొదలైనది. జనాభాలో వెయ్యికి ఏటా కనీసము 30 మందికి పరీక్ష జరుగుటయు, చికిత్స పొందినవారిలో కనీసము 85 శాతము మందికి నయమగుటయు దాని ప్రమాణములలో చేర్చబడినవి. రోగులను దాచి సున్న చూపించుట విజయము కాదు; వెదకి కనుగొనుటయే విజయమునకు మార్గము.

రెండవ పని, రోగికి అందవలసిన ధనము అందుచున్నదో లేదో విచారించుట. చికిత్సాకాలములో ఆహారము నిమిత్తము 2018 ఏప్రిలు నుండి నెలకు 500 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేయుచుండిరి. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసిరి. ఖాతా లేకపోవుట, అంకెలు తప్పుపడుట వంటి చిన్న చిక్కులచేత ఆ ధనము ఆగరాదు. ఒక సభ్యుడు వెంట నడచి ఒక పూట వెచ్చించినచో ఆ చిక్కు విడిపోవును.

మూడవ పని, ఇంటివారిని మరువకుండుట. వారందరికిని పరీక్ష చేయించవలెను. వ్యాధి లేదని తేలినవారికి నివారణ చికిత్స కలదు. రేషను బియ్యము, అంగన్‌వాడీ ఆహారము ఆ యింటికి సక్రమముగా చేరవలెను. కూలి పోయిన కుటుంబమునకు పప్పు, నూనె, గ్రుడ్లు సమకూర్చుటకు ఊరిలో కలిగినవారిని అడుగుటకు సంకోచింపరాదు.

నాల్గవ పని, నెలకొకసారి రోగి బరువు తూచి వ్రాయించుట. బరువు పెరుగకున్నచో అది కీడునకు ముందు సూచన. ఆ రోగిని వెంటనే వైద్యునియొద్దకు పంపవలెను.

చివరగా ఒక్క మాట. క్షయరోగితో మాటలాడుట మాని, అతని కంచము వేరుచేసి, దూరపు గదిలో పెట్టి తలుపు వేయుటవలన క్రిమి చావదు. అది గాలిలో దగ్గుతో వ్యాపించునదే కాని కంచములతో కాదు. గాలి, వెలుతురు గల చోట అతనిని ఉంచి, దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకొనుట నేర్పి, వేళకు మాత్రలు ఇచ్చినచో ప్రమాదము త్వరలోనే తగ్గిపోవును. మన కణములలోనే దాగి, మన క్రొవ్వునే తినుచున్న ఈ శత్రువును పస్తులతో జయింపజాలము. ఆరు నెలల మాత్రలును, నిండు కంచమును రెండును కలసియే జయింపగలవు.

పంచాయతీ సమావేశములో చర్చకు:
1. మన గ్రామములో నేడు చికిత్స పొందుచున్నవారెందరు? వారిలో ఆహారధనము అందనివారెవరైన కలరా?
2. గత సంవత్సరము మాత్రలు నడుమ మానినవారెందరు? కారణము భయమా, కూలిపనియా, వలసయా?
3. రోగియున్న యింటికి ఈ నెలలో పప్పు, నూనె, గ్రుడ్లు చేర్చు బాధ్యత ఏ సభ్యుడు వహించును?